చివరింటి మేకలు

నన్ను ఉద్యోగంలోంచి తీసేయించాలని ఒక ఊరి ప్రెసిడెంటు చాలా కష్టపడిన సంగతి ఇది. ఆయన నా మీద మోపిన నేరం, బడిలో పిల్లలకు జూదం నేర్పుతున్నానని.

కొత్తగా పంతులు ఉద్యోగంలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికొచ్చి, "మీ కాలంలో పిల్లలు బుద్ధిగా చదువుకునేవాళ్లు కదా సార్" అని నిట్టూరుస్తుంటారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. బుద్ధిగా చదువుకున్న పిల్లలు నాకు పెద్దగా గుర్తులేరు. ఎంత చెప్పినా లెక్కలు నేర్చుకోనని మొండికేసిన ఒక ఆడపిల్ల మాత్రం ఈ రోజుకీ కళ్ల ముందు కూర్చున్నట్టే ఉంటుంది.

అప్పటికి నేను ట్రైనింగ్ ముగించి కొత్తగా ఉద్యోగంలో చేరినవాణ్ణి. మాది నాపరాళ్ల గనులున్న తాడిపత్రి. వేసిన ఊరు కదిరి పక్కన. బస్సు రోడ్డు మీద దించి దుమ్ము నెత్తిన పోసి వెళ్లిపోతే, అక్కణ్ణించి నడక. దారి పొడుగునా ఎర్రనేల, గుండ్లు, రేగుకంపలు. వానొస్తే ఆ నేలలో బుడ్డలు, అంటే వేరుశనగ, పండుతాయి, రాకపోతే ఊళ్లో సగం ఇళ్లకు తాళాలు పడతాయి. బడి మాత్రం నాకు మొదటి చూపులోనే నచ్చింది. ఒకటే పొడుగాటి గది, నేలంతా నాపరాళ్లు పరిచారు. తాడిపత్రివాణ్ణి కాబట్టి పిల్లల ముఖాలకన్నా ముందు నేల చూశాను. నున్నగా, సుద్దముక్కతో గీస్తే గీత నిలిచేలా ఉంది.

బడికి ఇద్దరం పంతుళ్లం. ఊరివాళ్లకు హెడ్మాస్టరు పెద్దయివారు, నేను చిన్నయివారు. పెద్దయివారిది ఎక్కాల మతం. పొద్దున ఆయన బెత్తంతో బల్ల మీద ఒక్కటి వేస్తే బడి మొత్తం రెండో ఎక్కంతో మొదలై, ఆగకుండా, ఊపిరి తీయకుండా, పందొమ్మిదో ఎక్కం చివర వెళ్లి ఆగేది. బయట బండ్లు తోలుకుపోయేవాళ్లు కూడా ఆ రాగానికి తలలు ఊపేవారు. పిల్లవాడికి ఎక్కాలొస్తే ప్రపంచంలో ఇక రావలసింది ఏమీ లేదని ఆయన నమ్మకం.

సాయంత్రం బడి వదిలాక ఆయన వేరే మనిషి. వాకిట్లో ఒక బండ మీద పులి-మేక గీతలు ఎప్పుడో ఎవరో చెక్కిపెట్టారు. ముక్కుపొడి దట్టించి దాని ముందు చతికిలబడేవారు. గొర్రెలు తోలుకొచ్చేవాడు, చాకలి, కోమటి, ఎవరు దొరికితే వాళ్లను కూర్చోబెట్టేవారు. కానీ పులులు మాత్రం ఎప్పుడూ ఆయనవే.

"నా సర్వీసులో నేనెప్పుడూ మేకల పక్క కూసోలేదప్పా" అని నాతో గొప్పగా చెప్పేవారు.

ఇక ఆ పిల్ల. తొమ్మిది, పదేళ్లుంటాయి. మూడో తరగతిలో రెండో ఏడు. తండ్రిది దూదేకే పని. దూది ఏకే విల్లు భుజాన వేసుకుని ఊరూరూ తిరిగి పరుపులు, బొంతలు కుట్టి వచ్చేవాడు. కింది వీధిలో అన్నిటికన్నా చివరి ఇల్లు వాళ్లది. ఎక్కాలు అందరితో కలిసి బ్రహ్మాండంగా పాడేది. విడిగా లేపి అడిగితే మాత్రం నన్నే ప్రశ్నలు వేసేది.

"నాలుగు మేకలకు ఎన్ని కాళ్లమ్మా?" అని అడిగాను ఒకరోజు.

"ఎవురి మేకలు అయివారూ?"

"ఎవరివైతే ఏం?"

"మా జేజమ్మ మేకకు ఒక కాలు కుంటిది. దాన్ని లెక్కబెట్టల్లనా, ఇడిసిపెట్టల్లనా?"

క్లాసంతా దీని మీద రెండుగా చీలిపోయింది. కుంటికాలు కూడా కాలేనని కొందరు, నడవనప్పుడు కాలెట్లా అవుతుందని కొందరు. ఆ పీరియడ్ అంతా మేకకాలి మీదే పోయింది. పెద్దయివారు గది అవతలి చివర నుంచి బెత్తం ఎత్తి, "దాన్ని ఎందుకు కదిలిచ్చినావప్పా?" అన్నారు జాలిగా.

ఒకరోజు తండ్రి బడికి వచ్చాడు. జుట్టు నిండా దూది పింజలు. గడప బయటే నిలబడి అడిగాడు.

"మా పాపకు లెక్కలొచ్చాయా అయివారూ? వచ్చేట్టుంటే చెప్పు, సదివిస్తా. రాదంటే ఈ ఎండాకాలం కాగానే నా ఎంట తీసకపోతా. గింజలు ఏరిపెడతాది, కుట్లన్నా ఏస్తాది. ఈడ కూసోని నీ పానం తీసేదానికి, ఆడ నా పానం తీస్తే నాకు పనన్నా అయితాది."

"తీసకపో" అన్నారు పెద్దయివారు. "దీని తలకాయలో అంకె నిలబడదు."

నాకెందుకో ఒప్పుకోబుద్ధి కాలేదు. "ఎండాకాలం అయ్యేదాకా ఉండనీ అన్నా, చూద్దాం" అన్నాను. ఏం చూస్తానో నాకే తెలియదు.

చూడవలసింది ఆ వారంలోనే కనబడింది. సాయంత్రం పెద్దయివారు కోమటితో పులి-మేక ఆడుతున్నారు. ఈ పిల్ల మేకను తోలుకుని ఇంటికి పోతూ ఆగి, వంగి చూసింది. పెద్దయివారు ఒక మేకను తినడానికి పులి మీద చెయ్యి వేశారు.

"తినొద్దు అయివారూ" అంది పిల్ల.

"ఎందుకు తినగూడదు?"

"దాన్ని తింటే నువ్వు ఆడికి పోతావు. ఆయప్ప ఈడ ఒకటి పెడతాడు, ఆడ ఒకటి పెడతాడు. మూడో మేక పెడితే నీ పులి ఇరుక్కపోతాది."

"పో, పో, మేకను కట్టేసుకో పో" అని పెద్దయివారు ఆ మేకను తినేశారు. కోమటి ఈడ ఒకటి పెట్టాడు, ఆడ ఒకటి పెట్టాడు. మూడో మేక పెట్టాక పెద్దయివారి పులికి కాలు కదపడానికి సందు లేదు. ఆయన చాలాసేపు బండ వైపు చూసి, తర్వాత ఆకాశం వైపు చూసి, "చీకటి పడినట్టుండాది" అని లేచారు. పొద్దు ఇంకా బారెడుంది.

నేను మాత్రం అక్కడే నిలబడిపోయాను. నాలుగు మేకల కాళ్లు లెక్కపెట్టలేని పిల్ల ఎదుటివాడి ఎత్తులు మూడు ముందుగా లెక్కపెట్టింది. తలకాయలో అంకె నిలబడకపోవడం కాదు, మేము చెప్పే అంకెకు నిలబడే పని లేదు. మర్నాటి నుంచి లెక్కలు ఆటలోనే చెప్పాలనుకున్నాను.

చిన్నవయసు, కొత్త ఉత్సాహం. ఒక ఆదివారమంతా కూర్చుని గొప్ప ఆట ఒకటి తయారుచేశాను. నాపరాయి మీద వైకుంఠపాళి పటంలాగా గళ్లు గీసి, గడిగడికీ ఒక ఎక్కం రాశాను. గవ్వలు వేసి, పడిన గడిలో ఎక్కం సరిగ్గా చెబితే ముందుకు, తప్పితే పాము మింగినట్టు వెనక్కి. ట్రైనింగులో నాకు పాఠం చెప్పినవాళ్లు చూసి ఉంటే ముచ్చటపడి ఉండేవాళ్లు. మొదటిరోజు పిల్లలు ఆడారు. రెండోరోజు సగం మందికి కడుపునొప్పి. మూడోరోజు ఆ బండ చుట్టూ ఎవరూ లేరు, పక్క బండ మీద వాళ్లంతట వాళ్లు బారాకట్ట ఆడుకుంటున్నారు.

ఆ పిల్లను పిలిచి అడిగాను, నా ఆటకు ఏమైందని.

"నీ ఆటలో ఆట లేదు అయివారూ. అయ్యి ఎక్కాలే. ఆట సొక్కా ఏసుకోని వచ్చినాయి, అంతే."

నా సర్వీసు మొత్తంలో ఎందరో అధికారులు నా బోధన మీద అభిప్రాయాలు రాశారు. ఇంత సూటిగా ఎవరూ రాయలేదు. ఉక్రోషంతో, "అయితే నువ్వే చెయ్యి ఒక ఆట!" అన్నాను.

చేసింది. ఆ ఆటలో తెల్లగవ్వ ఎవరి చేతిలో ఉంటే వాళ్లు గెలుస్తారు. తెల్లగవ్వ ఎప్పుడూ ఆమె చేతిలోనే ఉంటుంది. పిల్లలు కాసేపు ఆడి లేచిపోయారు. ఆమె నా దగ్గరికొచ్చి, "వాళ్లకు ఆడేది తెలీదు" అని ఫిర్యాదు చేసింది.

"వాళ్లు గెలిచే దారి ఉందా నీ ఆటలో?"

"యాడుంటాది? నా ఆట గదా!"

"అయితే నువ్వొక్కదానివే ఆడుకో."

ఇంటర్వెల్లో ఒక్కతే కూర్చుని ఆడుకుంది. వరసగా గెలిచింది. కాసేపటికి ముఖం వేలాడేసుకుని వచ్చి, "గెలిస్తే గూడ బాగలేదు" అంది. ఆ మధ్యాహ్నం నుంచి ఆమె చదువు మొదలైందని నా లెక్క. ఎదుటివాడికి కూడా గెలిచే సందు ఉంటేనే అది ఆట అవుతుందని, ఆ సందు ఎంత వెడల్పు ఉండాలో తేల్చడానికి లెక్కలు కావాలని ఆమెకు దానంతట అదే తెలిసిపోయింది.

అక్కణ్ణించి నా ప్రాణం తీయడం మొదలుపెట్టింది. "ఐదు మందికి పదమూడు గింజలు పంచితే మిగిలేటియి ఎవురికి?" అని ఒకరోజు అన్నం తింటున్నవాణ్ణి లేపింది. చింతగింజలు పరిచి భాగహారం చెప్పాను. రెండేళ్లుగా ఎక్కని భాగహారం ఆ పూటకు ఎక్కింది. మిగిలినదాన్ని శేషం అంటారని చెబితే కాసేపు ఆలోచించి, "కొట్లాటంతా శేషం కాడనే అయివారూ" అంది. ఎన్నో లెక్కల పుస్తకాలు చదివాను, శేషానికి ఇంతకన్నా మంచి నిర్వచనం దొరకలేదు.

పెద్దయివారు గవ్వల చప్పుడు విని గొణుగుతూనే ఉన్నారు. అయితే బెత్తం పట్టుకుని మా బండల దాకా వచ్చి, ఆట ఏ పాకాన ఉందో చూసి, "ఊఁ" అని వెళ్లిపోయేవారు. ఒక్కోసారి ఆ "ఊఁ" చాలాసేపు పట్టేది.

ఆ ఏడు వానలు మోసం చేశాయి. శివరాత్రి పోగానే ఊళ్లో బావులు ఒక్కొక్కటే అడుగంటాయి. మిగిలింది సర్కారు బావి ఒక్కటే. అందులోనూ తెల్లారేసరికి ఊరిన నీళ్లే ఆ రోజుకు. తోడుకోవడంలో ఒక వరస ఉంది. ముందు మీది వీధి, అందులోనూ ముందు ప్రెసిడెంటు ఇల్లు. తర్వాత నడిమి వీధి. అందరూ అయ్యాక కింది వీధి. వాళ్ల వంతు వచ్చేసరికి కడవలోకి నీళ్లతో పాటు బురద, ఒక్కోరోజు బురద ఒక్కటే. ఊరి బయట పేటవాళ్లకైతే ఆ వరసలో చోటే లేదు, ఎవరైనా పోస్తే పట్టుకోవాలి. ఈ వరస ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. ఎవరూ అడగలేదు కూడా.

కింది వీధి పిల్లలు బడికి ఆలస్యంగా వచ్చేవారు. ఈ పిల్ల కూడా అంతే. అలా ఆలస్యంగా వచ్చిన ఒక పొద్దున సుద్దముక్క అడిగి తీసుకుని, ఒక మూల బండ మీద కొత్త ఆట గీసింది. మధ్యలో గుండ్రంగా బావి. దాని పక్కన వరసగా నాలుగు ఇళ్లు. ఇంటింటికీ నాలుగు గులకరాళ్లు, అవి మేకలు. ఆరు గవ్వలు వేస్తే ఎన్ని వెల్లకిలా పడితే బావిలో అన్ని చింతగింజలు ఊరినట్టు, గింజంటే ఒక కడవ. మొదటింటివాడు రెండు కడవల దాకా తోడుకోవచ్చు, తర్వాత రెండో ఇల్లు, తర్వాత మూడు, తర్వాత నాలుగు. ఆ పూట నీళ్లు దొరకని ఇంట్లో ఒక మేక చస్తుంది. చివరిదాకా మేకలు మిగిలినవాడిది గెలుపు. పిల్లలు దానికి బాయాట అని పేరు పెట్టారు.

రెండురోజులు ఆడాక నా దగ్గరికొచ్చింది.

"ఈ ఆటలో తప్పుండాది అయివారూ. చివరిల్లు ఎవురూ తీసుకోరు. తీసుకోమంటే ఏడుస్తాండారు."

"ఎందుకని?"

"ఆరు గవ్వలూ పడినాయనుకో. రెండు పాయ, రెండు పాయ, రెండు పాయ. నాలుగో ఇంటికి ఏముంటాది? ఎంత మంచి పందెం పడినా వానికి సున్నే. వాడు గవ్వలు ఏసే పనే ల్యా, ఊరికెనే కూసోని మేకలను పూడ్చుకోవడమే."

ఆమె ఊరి గురించి మాట్లాడటం లేదు. న్యాయం గురించి కూడా కాదు. ఆట చెడిపోయింది, బాగుచేయాలి, అంతే. నేను కూడా బావి మాట ఎత్తలేదు. "ఏం మారిస్తే బాగవుతుందో చూడు" అన్నాను.

రకరకాలుగా చూసింది. ఒకపూట కింది నుంచి మీదికి తోడించింది, అప్పుడు మొదటింటివాడు ఏడ్చాడు. ఇంటికి ఒక్క కడవే అంది, పందెం చిన్నది పడితే మళ్లీ చివరివాడే చచ్చాడు. ఆఖరికి ఒక పద్ధతి నిలిచింది. ఈ పూట ముందు తోడినవాడు మర్నాడు అందరికన్నా వెనక్కి పోవాలి, మిగతావాళ్లు ఒక్కొక్క ఇల్లు ముందుకు జరగాలి. అందరి మేకలూ అప్పుడొకటి అప్పుడొకటి చచ్చాయి గానీ ఏడ్చేవాళ్లు మాత్రం లేరు. చివరిల్లు తీసుకోవడానికి పోటీలు పడ్డారు, రేపు ముందుకొస్తామని.

ఈలోగా ప్రెసిడెంటు కదిరికి మీటింగుకు పోయినప్పుడు డిప్యూటీ ఇన్‌స్పెక్టరుతో చెప్పాడు, మా ఊరి బడిలో చిన్నయివారు గవ్వలు పెట్టి పిల్లోళ్లకు జూదం నేర్పుతున్నాడని. చెప్పాపెట్టకుండా ఒకరోజు ఇద్దరూ బడి గుమ్మంలో దిగారు. ఇన్‌స్పెక్టరు సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. రోడ్డు మీది నుంచి ఆ ఎండలో నడిచివచ్చి గొంతు ఆరిపోయి ఉంది. మొదట అడిగింది మంచినీళ్లు. బడి కుండ ఎండిపోయి ఉంది. ప్రెసిడెంటు ఇంటికి కబురు పంపాము.

ఇన్‌స్పెక్టరు తలుపు దగ్గరే నిలబడి నాపరాళ్ల మీద గీతలు, గవ్వలు, గింజలు చూశాడు. "ఏమిటివన్నీ?" అన్నాడు.

నేను పెద్దయివారి వైపు చూశాను. నా కొంప ఇప్పుడు ఆయన చేతిలో ఉంది. ఆయన ముక్కుపొడి డబ్బీ జేబులో వేసుకుని, గొంతు సవరించుకుని, తన జీవితంలో ఎన్నడూ వాడని మాట ఒకటి వాడారు.

"బోధనోపకరణములు సార్."

"గవ్వలా?"

"స్థానికముగా లభ్యమగు వస్తువులతో సార్. సర్క్యులర్లో ఉంది."

అలాంటి సర్క్యులరు ఉందో లేదో నాకిప్పటికీ తెలియదు. ఇన్‌స్పెక్టరుకు కూడా తెలియదు. అందుకే ఉందని ఒప్పుకున్నాడు. "ఏదీ, ఆడించి చూపించండి" అన్నాడు.

అంతలో ప్రెసిడెంటు ఇంటి నుంచి మజ్జిగ వచ్చింది. మజ్జిగ చెంబు మోసుకొచ్చింది పనిమనిషి. ఆమె వెనకే ప్రెసిడెంటు తల్లి కూడా వచ్చింది, ఇన్‌స్పెక్టరు ఎవరింటి పిల్లోడో చూసిపోదామని. ఆ పెద్దావిడకు ఊరంతా భయపడేది, ప్రెసిడెంటు అందరికన్నా ఎక్కువ.

ఆడేదానికి నలుగురు కావాలి. ఆ పిల్ల మా అందరినీ ఒకసారి చూసి, చీపురుపుల్ల పట్టుకుని కూర్చోబెట్టడం మొదలుపెట్టింది. ఇన్‌స్పెక్టరు ఊరికి కొత్త, కాబట్టి మొదటిల్లు. పెద్దయివారికి రెండోది. మేకల పక్క కూర్చోవలసి వచ్చినందుకు ఆయన ముఖం చూడాలి. మూడో ఇంట్లో, "నేను గూడ ఆడతా పాపా" అంటూ పెద్దావిడ చతికిలబడింది. మిగిలింది ఒక్క చోటే.

"నువ్వు ఆడ కూసో ప్రెసిడెంటు తాతా. అది మా ఇల్లు."

"యాడైతే ఏంలే, పిల్లోళ్లాట గదా" అని ప్రెసిడెంటు పంచె సర్దుకుని కూర్చున్నాడు.

"కట్టుబాటు రెండు రకాలుండాది" అంది పిల్ల. "ఊర్లో మాదిరి ఆడల్లనా, మా మాదిరి ఆడల్లనా?"

"ఊర్లో మాదిరే! ఊరికి మించిన కట్టుబాటు మీకు యాడుండాది?"

ఆట మొదలైంది. గవ్వలు నాలుగు పడ్డాయి. ఇన్‌స్పెక్టరు రెండు తోడుకున్నాడు, పెద్దయివారు రెండు తోడుకున్నారు. పెద్దావిడకూ ప్రెసిడెంటుకూ చెరొక మేక చచ్చింది. పిల్ల ఎంతో మర్యాదగా వాటిని తీసి పక్కన పెట్టింది. రెండో పందెం ఐదు. ఇన్‌స్పెక్టరు రెండు, పెద్దయివారు రెండు, పెద్దావిడ ఒకటి. ప్రెసిడెంటుకు ఇంకో మేక పోయింది. మూడోసారి ఆయన గవ్వలు తన చేతికి తీసుకుని, కళ్లు మూసుకుని, ఇంటి దేవుణ్ణి తలుచుకుని వేశాడు. ఆరుకు ఆరూ వెల్లకిలా పడ్డాయి. "చూసినారా!" అని తొడ కొట్టాడు. ఇన్‌స్పెక్టరు రెండు తోడుకున్నాడు. పెద్దయివారు రెండు తోడుకున్నారు. పెద్దావిడ వేళ్లు మిగిలిన రెండు గింజల మీదికి పోయాయి.

"అమ్మా, ఒకటి ఇడువు" అన్నాడు ప్రెసిడెంటు.

"నీకిస్తే నా మేకలేం తాగల్ల?"

"నీకు ఒకటి సాలు గదా!"

"రేపటికి దాపు పెట్టుకుంటా. నేనేం ఎర్రిదాన్నా?" అని రెండూ కొంగులో వేసుకుంది.

పిల్ల మూడో మేకను తీసి పక్కన పెట్టింది. ప్రెసిడెంటు ఆ గులకరాయి వైపు నిజంగా మేకే చచ్చినట్టు చూశాడు. నాలుగో పందెం రెండు. ఇన్‌స్పెక్టరు దగ్గరే నీళ్లు అయిపోయాయి. చివరింట్లో ఆఖరి మేక కూడా పోయింది. ప్రెసిడెంటు ముఖం కందగడ్డ అయింది. బండ మీద అరచేత్తో కొట్టాడు.

"ఇదేం ఆట? చివరింట్లో ఉండేవానికి ఎప్పుడు నీళ్లొచ్చాయి? ముందుండేవాళ్లే తోడుకుంటా పోతే ఎనకుండేవాడు యా బాయిలో పడి సావల్ల? ఏమప్పా, మాట్లాడరే?"

కిటికీ కమ్మీలు పట్టుకుని చూస్తున్న కింది వీధివాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పెద్దయివారికి ఉన్నట్టుండి విపరీతమైన దగ్గు వచ్చింది. ఇన్‌స్పెక్టరుకు ఊరి సంగతి తెలియదు, అందుకని అమాయకంగా, "నిజమే, పద్ధతి బాగాలేదు" అన్నాడు. ఆ మాటతో ప్రెసిడెంటుకు తానేమన్నాడో వినబడింది.

పిల్లకు మాత్రం ఇదంతా పట్టలేదు. తన ఆటలో తప్పు ఇంకొకరు కూడా కనిపెట్టారని సంతోషపడింది. "అందుకే మేము ఇంకో కట్టుబాటు చేసినాం తాతా. ఆడదామా?"

"ఆట వేరే, బాయి వేరే!" అని ప్రెసిడెంటు లేచి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. ఊరి బావి మాట అప్పటిదాకా ఎవరూ ఎత్తలేదు.

మర్నాడు పొద్దున సర్కారు బావి దగ్గర ఊరు ఊరంతా ఊరికే వచ్చి నిలబడింది. ప్రెసిడెంటు ఇంటి పనిమనిషి ఎప్పటిలాగే కడవతో ముందు నిలబడింది. అంతలో పెద్దావిడ కర్ర టకటకలాడిస్తూ వచ్చి, పనిమనిషి చెయ్యి పట్టుకుని వరస చివరికి లాక్కుపోయింది.

"నిన్న మనం ముందు. ఈ పొద్దు ఎనక. పాప నాకు చెప్పిన కట్టుబాటు ఇదే."

ప్రెసిడెంటు పరిగెత్తుకొచ్చాడు. "ఏందమ్మా ఇది? నలుగురిలో తలకాయ తీసేస్తాండావు!"

"రాత్రంతా నాకు నిద్ర పట్టల్యా రా. నా కళ్ల ముందర నా కొడుకు మేకలు నాలుగూ సచ్చిపాయ. నేను కొంగులో దాపు పెట్టుకోని కూసొన్యా" అంది ఆవిడ. తర్వాత కింది వీధివాళ్ల వైపు తిరిగి, "కానీండి, సూస్తాండారేం?" అని గదిమింది.

కథ ఇక్కడ ముగిస్తే నాకు గొప్పగానే ఉంటుంది గానీ, జరిగింది అది కాదు. వంతులు మారాలని తేలాక ఎవరి తర్వాత ఎవరన్న దాని మీద అసలు యుద్ధం మొదలైంది. అన్నదమ్ములు వేరుపడిన ఇల్లు ఒక ఇల్లా, రెండిళ్లా? వలసపోయినవాళ్ల వంతు ఎవరిది? నడిమి వీధిలో ఇద్దరు తాళ్లు పట్టుకుని లాక్కున్నారు, ఒక కడవ పగిలింది. చివరకు ఆ పిల్లనే పిలిపించారు. బావి గట్టు పక్కన కూర్చుని, ఒడిలో చింతగింజలు పోసుకుని, ఇంటికొక గింజ పేర్చి, ఏ పొద్దు ఎవరిదో చెప్పేది. పేటకు ఎన్ని గింజలు పెట్టాలని ఆమె అడిగిన రోజు పెద్దవాళ్లంతా నేల చూపులు చూశారు. ఆ ఒక్క లెక్క ఆ ఏడు తెగలేదు. ఇదంతా అయ్యేసరికి బడికి మునుపటికన్నా ఆలస్యం అయ్యేది. పెద్దయివారు హాజరు వేసేటప్పుడు ఆమె పేరు దగ్గర ఆగి, "డ్యూటీలో ఉండాది" అని హాజరు వేసేవారు.

ప్రెసిడెంటు ఊరుకోలేదు. తల్లిని ఏమీ అనలేక నా మీద పడ్డాడు. కదిరికి తిరిగాడు, అనంతపురం దాకా పోయాడు. మరుసటి ఏడు నన్ను చిలమత్తూరు వైపు మార్చారు. ఇన్‌స్పెక్టరు మాత్రం లెక్కల బోధన సంతృప్తికరమని రాసి, వెళ్తూ వెళ్తూ ఆరు గవ్వలు అడిగి పట్టుకెళ్లాడు, ఇంట్లో పిల్లలకని.

కొత్త పంతుళ్లకు నేను చెప్పేది ఒక్కటే. పిల్లలకు ఆటలు ఆడించండి, చాలా మంచిది. కానీ వాళ్లచేత ఆటలు తయారు చేయించేటప్పుడు కాస్త ముందు వెనకలు చూసుకోండి. కట్టుబాట్లన్నీ ఎవరో పెట్టినవేనని, బాగాలేకపోతే మార్చవచ్చునని ఒకసారి తెలిసిందంటే, వాళ్లు ఆ పనిని బడి గోడల దగ్గర ఆపరు.

ఈ సంగతి నాకు తెలియజెప్పినవాడు ఆ పిల్ల తండ్రి. ఎండాకాలం అయిపోయి, రెండు మంచి వానలు పడి, బావులకు నీళ్లొచ్చాక ఒకరోజు మళ్లీ బడి గడప దగ్గరికి వచ్చాడు. భుజాన దూదేకే విల్లు ఉంది, ఊరికి బయల్దేరినట్టున్నాడు. పిల్లను వెంట తీసుకుపోతానన్న గడువు అదే. ఏం చెప్పి ఆపాలా అని మాటలు వెతుక్కుంటున్నాను.

"పాపకు లెక్కలొచ్చినాయి అన్నా" అన్నాను ముందుగానే. "భాగహారం, శేషం, అన్నీ వచ్చినాయి. నేను పరీక్ష పెట్టినా."

"తెలుసు అయివారూ, తెలుసు" అన్నాడు నీరసంగా. "ఇంట్లో మాకందరికీ వంతులు ఏసింది. నీళ్లు తెచ్చేది ఒక పొద్దు, వాకిలి ఊడ్చేది ఒక పొద్దు, మేకను తోలకపోయేది ఒక పొద్దు. మాయమ్మ, నా పెండ్లాము దాని పక్కనే. ఈ పొద్దు గిన్నెలు తోమేది నా వంతు. తోమి వస్తాండా."

చేతులు చూపించాడు. బూడిద ఇంకా గోళ్లలో ఉంది.

"మరి వెంట తీసుకుపోతావా?"

"అమ్మో! దారిలో ఆ విల్లు ఒకపూట అది మోస్తాది, ఒకపూట నన్ను మొయ్యమంటాది, కూడు తినేకాడ ఎవురు ముందు తినల్లో కట్టుబాటు పెడతాది. నాకొద్దు. ఈడనే ఉండనీ. ఐదో తరగతయినంక ఇంకా పెద్ద బడేదన్నా ఉంటే ఆడికి గూడ పంపిస్తా. సాయంత్రం కాస్త లేటుగా ఇడిసిపెట్టు, అంతే నేను అడిగేది."

నాలుగడుగులు వేసి, మళ్లీ వెనక్కి వచ్చాడు. గొంతు తగ్గించి అడిగాడు.

"అయివారూ, నువ్వు చెబితే ఇంటాది. ఆ గిన్నెల వంతు ఎట్లన్నా తీసేయమని అడుగు."

లోపలికి పోయి అడిగాను. ఆమె బండ మీద కొత్త ఆటేదో గీస్తోంది, తల కూడా ఎత్తలేదు.

"వచ్చి ఆడమను. గెలిస్తే తీసేస్తా."

బయటికొచ్చి ఆ మాటే చెప్పాను. ఆయన గడప దగ్గర కాసేపు అటూ ఇటూ చూసి, నిట్టూర్చి, విల్లు గోడకు ఆనించి, చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు.